ద హాంటింగ్ (1963): ఆ ఇల్లు ఎలనార్‌నే ఎందుకు పిలిచింది

1963లో వచ్చిన 'ద హాంటింగ్' మాట ఎత్తితే చాలు, రెండు రకాల అభిప్రాయాలు వినబడతాయి. మొదటిది: "బాగా ల్యాగ్. అరగంట గడిచినా ఏమీ జరగదు. దెయ్యం కనపడని దెయ్యం సినిమా ఏంటి?" రెండోది దీన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళది: "దెయ్యాన్ని చూపించకుండానే భయపెట్టారు, అదే గొప్పతనం." నాకు మొదటి మాట కంటే రెండో మాటతోనే ఎక్కువ పేచీ. చూపించకపోవడమే గొప్పైతే, డబ్బుల్లేక దెయ్యాన్ని చూపించలేకపోయిన ప్రతి సినిమా గొప్పదే కావాలి. చీకటి, కిర్రుమనే తలుపు, గాలికి ఊగే తెర పెట్టి, ఏమీ చూపించకుండా వదిలేసిన సినిమాలు కొల్లలుగా ఉన్నాయి. మర్నాటికి వాటిలో ఒక్కటీ గుర్తుండదు.

ఇది గుర్తుండిపోవడానికి కారణం వేరే ఉంది. కథ జరిగే దెయ్యాల ఇల్లు హిల్ హౌస్‌లో రాత్రి పూట గోడ మీద దబదబా బాదుడు మొదలయ్యేసరికి, ఆ చప్పుడు ఎవరి కోసం వస్తోందో మనకి ముందే తెలిసిపోయి ఉంటుంది. అలా తెలియడానికి పట్టిన సమయాన్నే జనం ల్యాగ్ అంటున్నారు. నా వాదనంతా ఇదే. దీనికి కథ మొత్తం చెప్పక తప్పదు కాబట్టి, సినిమా చూడనివాళ్ళు చూశాక చదివితే మంచిది.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల దీనికి ఆధారం. దర్శకుడు రాబర్ట్ వైజ్. ఒకవైపు 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1961), ఇంకోవైపు 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' (1965). ఆ రెండు భారీ మ్యూజికల్స్ మధ్యలో ఆయన నలుపు తెలుపులో, 10 లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుతో ఈ సినిమా తీశాడు. కథ జరిగేది అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో, షూటింగ్ మాత్రం ఇంగ్లండ్‌లో. బయట నుంచి కనిపించే భవనం వార్విక్‌షైర్‌లోని ఎటింగ్టన్ పార్క్. లోపలి గదులన్నీ బోరమ్‌వుడ్‌లోని ఎంజీఎం స్టూడియోలో వేసిన సెట్లు.

సినిమా మొదట్లో, ఆ ఇంటి మీద పరిశోధన చేయబోయే డాక్టర్ మార్క్‌వే గొంతు ఆ ఇంటి చరిత్ర చెబుతుంది. తొంభై ఏళ్ళ కిందట హ్యూ క్రెయిన్ అనే ఆయన కట్టించుకున్న ఇల్లు. మొదటి భార్య ఆ ఇంటిని కళ్ళారా చూడకముందే, గుర్రబ్బండి చెట్టుకి గుద్దుకుని చనిపోతుంది. రెండో భార్య మెట్ల మీద నుంచి పడి పోతుంది. ఇవి చకచకా అయిపోతాయి. మూడో చావు దగ్గర సినిమా కాస్త ఆగుతుంది. క్రెయిన్ కూతురు అబిగైల్ జీవితమంతా పసిపిల్లగా ఉన్నప్పటి గదిలోనే గడిపేస్తుంది. దిండు మీద ఉన్న చిన్నపిల్ల ముఖం అక్కడే కరిగి యువతి అవుతుంది, నడివయసు మనిషి అవుతుంది, ముసలమ్మ అవుతుంది. ఒక మనిషి బతుకు మొత్తం ఆ దిండు మీదే, కొన్ని క్షణాల్లో అయిపోతుంది. ఒక రాత్రి ముసలామె చేతికర్రతో గోడ మీద కొడుతూ, తనని చూసుకోవడానికి జీతానికి పెట్టుకున్న అమ్మాయిని పిలుస్తుంది. ఆ అమ్మాయి వరండాలో ఒక పనివాడితో ఉంటుంది. రాదు. ముసలామె చనిపోతుంది. ఇల్లు ఆ అమ్మాయికే దక్కుతుంది. కొన్నాళ్ళకి లైబ్రరీలోని మెలికల మెట్ల పైనుంచి ఆమె ఉరేసుకుంటుంది.

ఇదంతా మొదటి పది నిమిషాల్లోపే. గోడ మీద కర్రతో కొట్టిన చప్పుడు, పిలిచినా రాని మనిషి. ఈ రెండూ మనసులో పెట్టుకోండి.

తర్వాత సీను బోస్టన్‌లో ఒక ఇరుకు ఇంట్లో మొదలవుతుంది. ఎలనార్ (జూలీ హారిస్) పెళ్ళి కాని మనిషి. మంచాన పడ్డ తల్లికి పదకొండేళ్ళు సేవ చేసింది. తల్లి పోయి రెండు నెలలైంది. ఇప్పుడు అక్క ఇంట్లో, హాల్లో సోఫా మీద పడుకుంటోంది. కారు కొనడానికి సగం డబ్బు తనదే అయినా, దాన్ని బయటికి తీయాలంటే అక్కాబావల అనుమతి కావాలి, వాళ్ళు ఇవ్వరు. ఆ పోట్లాట అంతా మనం చూస్తాం. చివరికి ఎవరికీ చెప్పకుండా కారు తీసుకుని వెళ్ళిపోతుంది. దారి పొడవునా ఆమె మనసులో మాటలు వినబడుతూ ఉంటాయి. నాకంటూ ఎవరో ఎదురు చూస్తున్నారు, నేనూ ఒక చోటికి వెళ్తున్నాను అని చిన్నపిల్లలా సంబరపడుతుంది.

ఏమీ జరగడం లేదని కొందరు ఫోను తీసేది సరిగ్గా ఇక్కడే. నిజానికి జరగాల్సిందంతా ఇక్కడే జరుగుతోంది. పదకొండేళ్ళు ఒకే గదిలో మందులు, మాత్రలు, దుప్పట్లు, రాత్రిళ్ళు పిలుపులు. ఆ బతుకులో ఎవరైనా ఎలనార్‌ని పిలిచారంటే ఏదో పని పడి పిలిచినట్టే. తన కోసం తనని పిలిచినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి ఒక ఉత్తరం వచ్చింది. అతీంద్రియ విషయాల మీద పరిశోధన చేసే డాక్టర్ మార్క్‌వే (రిచర్డ్ జాన్సన్), దెయ్యాల ఇంట్లో కొన్నాళ్ళు ఉండి పరిశీలించడానికి ఆమెని రమ్మన్నాడు. పదేళ్ళ వయసులో వాళ్ళ ఇంటి మీద ఉన్నట్టుండి రాళ్ళ వాన కురిసిందట, అందుకని. అది దెయ్యాల కొంప అన్న సంగతి ఆమెకి పెద్ద విషయం కాదు. ఒక చోట తన పేరు పెట్టి ఎవరో పిలిచారు, అదే పదివేలు. ఈ భాగాన్ని ఇంకా కుదించి ఉంటే, తర్వాత వచ్చే ప్రతి భయానక దృశ్యం వట్టి చప్పుడుగా మిగిలేది.

హిల్ హౌస్‌కి ఇంకో ఇద్దరు వస్తారు. ఎదుటివాళ్ళ మనసు చదవగలిగే థియో (క్లెయిర్ బ్లూమ్), ఇంటికి వారసుడు కాబోయే ల్యూక్ (రస్ టాంబ్లిన్). పగలు వంట చేసి వెళ్ళిపోయే మిసెస్ డడ్లీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాఠం అప్పజెబుతుంది: చీకటి పడ్డాక మేము ఇక్కడ ఉండం, మీరు కేక పెట్టినా వినడానికి దగ్గర్లో ఎవరూ ఉండరు, రాత్రి పూట, చీకట్లో. చెప్పి ఓ నవ్వు నవ్వుతుంది. పిలిచినా ఎవరూ రాకపోవడం అనే ముక్క ఇక్కడ ఇంకోసారి వచ్చిందని గమనించండి.

ఇక మొదటి రాత్రి. ఎలనార్ గాఢ నిద్రలో ఉంటుంది. ఎక్కడో దూరంగా దబ్, దబ్, దబ్ అని గోడ మీద బాదుతున్న చప్పుడు. ఆమె ఉలిక్కిపడదు, అరవదు. కళ్ళు తెరవకుండానే, నిద్రమత్తులోనే, తనూ గోడ మీద కొట్టి, వస్తున్నానమ్మా అంటుంది. అలవాటైపోయిన విసుగు, అలసట ఆ గొంతులో ఉంటాయి. ఆ తర్వాత ఒక్క క్షణానికి గుర్తొస్తుంది, అమ్మ లేదని. తను ఉన్నది ఆ ఇంట్లో కాదని.

భయం సినిమాల్లో ఇంతకు మించిన క్షణం నేను చూడలేదు. ఇక్కడ దర్శకుడు కెమెరాతో ఏ గారడీ చేయలేదు. మన ఒంట్లో వణుకు పుట్టించేది ఆ మూడు చప్పుళ్ళు కాదు, ఆమె జవాబు. తెలియని దాన్ని చూసి అందరూ భయపడతారు. తెలిసిన పిలుపే, పలకకుండా ఉండలేని పిలుపే, రాకూడని చోటు నుంచి వస్తే? ఆ తర్వాత ఎలనార్ థియో గదిలోకి పరిగెడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మంచం మీద కూర్చుంటారు. చప్పుడు వరండా వెంట ఒక్కో తలుపు దగ్గరా ఆగుతూ దగ్గరికొస్తుంది. చివరికి వీళ్ళ తలుపు దాకా వచ్చి, బాదడం ఆపేసి, అంచుల వెంట ఏదో తడుముతున్నట్టు సన్నటి శబ్దం. తలుపు గుబ్బ నెమ్మదిగా తిరుగుతుంది. బాదుడు కంటే ఆ తడమడమే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. బలం ఉపయోగించనక్కర్లేదని దానికి తెలిసినట్టుంది.

ఇదంతా ఎలా తీశారన్నది కూడా తెలుసుకోవాల్సిందే. వైజ్ మొదట ఎడిటర్. 'సిటిజన్ కేన్' (1941) ఎడిట్ చేసింది ఆయనే. దర్శకుడిగా తొలి అడుగులు ఆర్‌కేవో స్టూడియోలో వాల్ ల్యూటన్ అనే నిర్మాత దగ్గర పడ్డాయి. నీడతో, శబ్దంతో, చవగ్గా భయపెట్టడం ల్యూటన్ బాణీ. వైజ్ ఆ చదువునంతా ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడికి తెచ్చాడు. హిల్ హౌస్‌లో ఒక్క మూల కూడా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండదని కథలో మార్క్‌వే చెబుతాడు. దాన్ని కంటికి చూపించడానికి వైజ్, అప్పటికింకా పూర్తిగా సిద్ధం కాని ఒక 30 ఎంఎం వైడ్ యాంగిల్ లెన్సుని పానావిజన్ కంపెనీ నుంచి అడిగి తీసుకున్నాడు. అంచుల దగ్గర బొమ్మ వంకర పోతుంది, దానికి మా పూచీ లేదని కంపెనీ వాళ్ళు ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయనకి కావాల్సిందే ఆ వంకర. సెట్లకి పైకప్పులు కూడా వేయించాడు, కెమెరా కింద నుంచి చూసినప్పుడు గది మీద పడుతున్నట్టు ఉండాలని. భవనాన్ని బయట నుంచి తీసిన కొన్ని షాట్లకి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వాడారు. ఆకాశం నల్లబడి, రాతి గోడల మీద గీతలు పైకి తేలి, పట్టపగలు కూడా ఆ ఇల్లు జబ్బు చేసినదానిలా కనబడేది అందుకే. చప్పుళ్ళని ముందే రికార్డు చేసి సెట్లో వినిపించారు కాబట్టి, నటుల ముఖాల్లో కనిపించే భయం ఊహించుకున్నది కాదు, వింటున్నది.

అందరూ చెప్పుకునే తలుపు సీను చూద్దాం. నలుగురూ ఒకే గదిలో కూర్చుని ఉండగా, పెద్ద చెక్క తలుపు లోపలికి ఉబ్బుతుంది. మధ్యలో పొట్టలా ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి పోతుంది. ఊపిరి తీసుకుంటున్నట్టు. పొరలు పొరలుగా అతికించిన చెక్కతో తలుపు చేసి, వెనక నుంచి మనుషుల చేత నెట్టించారు, అంతే. ఈ రోజుకీ ఆ షాటు చెక్కు చెదరలేదు. అక్కడ నిజంగా చెక్కే వంగుతోంది, నిజంగానే మూలుగుతోంది, కన్ను దాన్ని నమ్ముతుంది. అయితే ఇది గొప్ప షాటే గానీ, నా లెక్కలో ఈ సినిమాకి ప్రాణం ఇది కాదు. తలుపు నలుగురినీ భయపెడుతుంది. చేయి పట్టుకునే సీను ఒక్కరికే.

అది తలుపు సీను కంటే ముందు రాత్రి. ఎలనార్, థియో ఒకే గదిలో పడుకుంటారు. చీకట్లో గోడ అవతల నుంచి మగగొంతు ఏదో గొణుగుతూ ఉంటుంది, మాటలు అర్థం కావు. తర్వాత ఒక పసిబిడ్డ ఏడుపు. గోడ మీద చెక్కిన ఆకుల డిజైను మీదే కెమెరా ఆగిపోతుంది. అలా చూస్తూ ఉంటే అందులో రెండు కళ్ళు, ఒక నోరు ఏర్పడతాయి. అది నిజంగా మారిందా, మన కళ్ళే మార్చుకున్నాయా చెప్పలేం. ఎలనార్ థియో చేతిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ చేయి అంతకంతకీ బిగుసుకుంటుంది, నొప్పి పుడుతుంది. అయినా ఓర్చుకుంటుంది. కానీ ఒక పసిబిడ్డని ఎవరో హింసిస్తుంటే మాత్రం ఊరుకోలేదు, ఆపమని అరుస్తుంది. లైటు వెలుగుతుంది. థియో గదిలో అటువైపు దూరంగా ఉన్న మంచం మీద నుంచి అప్పుడే నిద్ర లేచి చూస్తూ ఉంటుంది. మరి ఇంతసేపూ నేను పట్టుకున్నది ఎవరి చేయి అని ఎలనార్ అడుగుతుంది.

దీన్ని చాలామంది మంచి ట్విస్టుగా గుర్తు పెట్టుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనబడుతుంది. ఆ చేయి ఆమెని లాగలేదు, గీరలేదు. పట్టుకుంది, అంతే. ఎవరైనా చేయి పట్టుకుంటే బాగుండునని ఇన్నేళ్ళుగా ఎదురు చూసిన మనిషికి ఆ ఇల్లు చేయి అందించింది. అంతకు ముందే గోడ మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు కనబడతాయి, ఎలనార్ ఇంటికి రావడానికి సాయం చేయమని. ఇంట్లో నలుగురున్నా పేరు రాసింది ఆమెదే. అది చూసి ఆమె వణికిపోతుంది, అరుస్తుంది. నిజమే. కానీ జూలీ హారిస్ ముఖం జాగ్రత్తగా చూడండి, భయం వెనకే ఇంకోటి తొంగి చూస్తుంది. గుర్తించబడ్డానన్న గర్వం. ఇలాంటి నటన మాటల్లో రాసి చూపించలేం. షూటింగ్ రోజుల్లో హారిస్ మనసు బాగోక మిగతావాళ్ళతో కలవకుండా దూరంగా ఉండేదట. ఆమెకి తనంటే ఇష్టం లేదేమోనని క్లెయిర్ బ్లూమ్ బాధపడిందట కూడా. సినిమా అయిపోయాక హారిస్ వెళ్ళి సంగతి చెప్పి సర్దిచెప్పింది. ఆ ఎడం తెర మీద పనికొచ్చింది. థియో దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఎలనార్ ఒక అడుగు ముందుకేసి రెండడుగులు వెనక్కి వేస్తుంది. థియోకి ఆడవాళ్ళంటే ఇష్టమన్న సంగతిని ఆ రోజుల్లో అంత మామూలుగా, వెక్కిరింపు లేకుండా చూపించడం కూడా చిన్న విషయం కాదు.

అసలు ఇదంతా ఎలనార్ పిచ్చి, ఇంట్లో ఏమీ లేదు అనే వ్యాఖ్యానం ఒకటి ఉంది. తెలివైనదిగా కనబడుతుంది గానీ నేను ఒప్పుకోను. మొదటి రాత్రి చప్పుళ్ళు థియో కూడా విన్నది. తలుపు ఉబ్బడం నలుగురూ చూశారు, ఏదీ నమ్మని ల్యూక్‌తో సహా. ఆ ఇంట్లో ఏదో ఉంది, సినిమా ఆ మాట దాచిపెట్టలేదు. సినిమా తేల్చకుండా వదిలింది వేరే ప్రశ్న: అది ఎలనార్‌ని ఎంచుకుందా, లేక ఎలనారే దాన్ని ఎంచుకుందా? తల్లి పోయిన రాత్రి గోడ మీద కొట్టి పిలిచిందని, ఆ ఒక్కసారి తను వెళ్ళలేదని ఆమె ఒప్పుకుంటుంది. ఇప్పుడు అబిగైల్ కథ గుర్తు చేసుకోండి. వరండాలో ఉండిపోయిన ఆ అమ్మాయి ఎవరో ఇప్పుడు అర్థమవుతుంది. తన తప్పుని ముందే చేసి పెట్టిన ఇంట్లోకి ఎలనార్ వచ్చి పడింది. బయట ప్రపంచంలో ఆ తప్పు గురించి అడిగేవాళ్ళే లేరు, కాబట్టి క్షమించేవాళ్ళూ లేరు. ఇక్కడ రోజూ రాత్రి అదే పిలుపు వస్తుంది. ఈసారి వెళ్ళే అవకాశం ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎలనార్ మనసులో మాటలు మరీ ఎక్కువైపోయాయి. హారిస్ ముఖంలో స్పష్టంగా కనబడుతున్నదాన్నే గొంతు మళ్ళీ చెబుతుంది, ముఖ్యంగా రెండో సగంలో. ల్యూక్ చెణుకులు చాలా వరకు పేలలేదు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మార్క్‌వే భార్య గ్రేస్. చివర్లో ఉన్నట్టుండి ఊడిపడుతుంది. మార్క్‌వే మీద ఎలనార్ పెంచుకున్న ఆశ కూలిపోవడానికి ఆమె అవసరమే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఆమె మాయమవడం, మెట్ల పైన కప్పులో ఉన్న చిన్న తలుపులోంచి ముఖం పెట్టడం కథ కోసం చేసిన సర్దుబాట్లలా ఉంటాయి. మెలికల మెట్ల మీద ఎలనార్ ఎక్కుతుంటే, ఆ ఇనుప మెట్లు గోడ నుంచి ఊడి ఊగుతుంటే, మనకి ఉండాల్సింది ఆమె గురించిన భయమే. అక్కడ గ్రేస్ ముఖం చూపించి ఉలిక్కిపడేలా చేయడం, ఇంతసేపూ జంప్ స్కేర్ జోలికి పోకుండా నిగ్రహంగా నడిచిన సినిమా చేయకూడని పని.

ముగింపులో మాత్రం వైజ్ ఎక్కడా తడబడలేదు. ఎలనార్ మానసిక స్థితి బాగా లేదని మార్క్‌వే ఆమెని పంపించేయాలని నిర్ణయిస్తాడు. బాధ్యత ఉన్న మనిషిగా అది సరైన నిర్ణయమే. కానీ ఎక్కడికి పంపిస్తున్నాడు? నాకంటూ సొంత ఇల్లు ఉందని థియోకి చెప్పిందంతా కట్టుకథ. ఆమెకున్నది అక్క హాల్లోని సోఫా. వెళ్ళనని బతిమాలుతుంది. తనకి జీవితంలో జరిగినదల్లా ఇదొక్కటేనని అంటుంది. మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఆమె బాగు కోరేవాళ్ళు అందరూ కలిసి ఆమెని కారెక్కిస్తారు. ఆ ఇల్లు ఒక్కటే ఉండమంది. గేటు వైపు వెళ్తున్న కారు స్టీరింగు దానంతట అదే తిరగడం మొదలవుతుంది. మొదట పెనుగులాడుతుంది. తర్వాత, చివరికి ఏదో జరుగుతోంది, నాకే జరుగుతోంది అనుకుంటుంది. అంతలో గ్రేస్ అడ్డంగా పరిగెడుతుంది, కారు చెట్టుకి గుద్దుకుంటుంది. హ్యూ క్రెయిన్ మొదటి భార్య చనిపోయిన చెట్టు అదే.

1999లో దీన్ని మళ్ళీ తీశారు. ఈసారి ఖర్చు దాదాపు 8 కోట్ల డాలర్లు. గ్రాఫిక్స్ ఎక్కువైపోయి చెడగొట్టారని అందరూ అంటారు. విగ్రహాలు కదలడం, పడకగది మీదపడటం, దెయ్యం గాల్లో ఎగరడం, అవన్నీ నిజంగానే బాగాలేవు. కానీ గ్రాఫిక్స్ తీసేసినా ఆ సినిమా బాగుపడదు. అందులో ఎలనార్ క్రెయిన్ వంశంలోని మనిషి అవుతుంది, చనిపోయిన పిల్లల ఆత్మలని కాపాడే వీరురాలవుతుంది. ఆమెని ఇల్లు పిలవడానికి ఒక గొప్ప కారణం తయారు చేసి పెట్టారు. 1963 ఎలనార్‌కి వంశం లేదు, లక్ష్యం లేదు, కాపాడాల్సినవాళ్ళు లేరు. ఎవరికీ అక్కర్లేని మనిషి కాబట్టే ఆమెని పిలవడం అంత తేలికైంది. అది మార్చేశాక, పాత సినిమాలోలా తలుపు చెక్కతోనే చేయించినా అందులో భయం ఉండదు.